గంట ముందా, అక్షరాలు ముందా

పుత్తూరు నుంచి రేణిగుంట దాకా ఆ పాత కంప్యూటర్ డబ్బాను బస్సులో ఒళ్లో పెట్టుకునే వచ్చింది వసంతమ్మ. కండక్టరు కింద పెట్టమన్నా వినలేదు. పోయి మూడేళ్లయిన మొగుడు మునిచంద్ర రాసిన భారతం ఆటంతా అందులోనే ఉంది. శుక్రవారం నుంచే ఊళ్లో భారతం ఆడే మిట్టమీద నాటకం. చేతిరాత ప్రతిని చెదలు తినేశాయి. ఈ పద్యాలు కాగితం మీదికి రాకపోతే ఆటగాళ్లు పక్క ఊరి ప్రతి తెచ్చుకుంటారు, ఇక ఆ మిట్టమీద మునిచంద్ర మాట వినపడదు. ఆమె భయమంతా అదే.

పాత మిషన్లు బాగుచేసే ఏబెల్ స్విచ్చి వేశాడు. ముందు మూడుసార్లు గంట మోగింది. మిషను వేయగానే గుడిగంటలా మోగే ఆ ప్రోగ్రాము కూడా మునిచంద్ర రాసిపెట్టిందే. దీపం పెట్టనిదే పెన్ను ముట్టని మనిషి. తర్వాత పద్యాలు టైపు చేసే ఎడిటర్ తెరిస్తే తెర కాస్తా బిగుసుకుపోయింది. ఏ మీట నొక్కినా ఉలుకూ లేదు, పలుకూ లేదు.

"పాత మిషను, మెమరీ కొంచెమే ఉండాదక్కా," అన్నాడు ఏబెల్ చాలాసేపు తంటాలు పడి. "గంటా, తెలుగు అక్షరాలూ ఒకే చోటికి కొట్లాడుకుంటాండాయి. గంట తీసేస్తే సరిపోతాది."

"ఇంకేదన్నా తీసెయ్ అబ్బా. పొద్దున్నే ఆ గంట వినేదానికే నేను దీన్ని వేసేది."

ఇంకేం తీసినా చోటు చాలదన్నాడు ఏబెల్. పద్యాలా, గంటా? కొంగుతో ముఖం తుడుచుకుని, "సరే, తీసెయ్," అంది.

మిషను మొదలవగానే వరసగా ఏమేం నడవాలో రాసి ఉండే ఫైలు తెరిచాడు ఏబెల్. "గంటను అన్నిటికంటే పైన ఎవురు పెట్టినారు?"

వసంతమ్మ తల దించుకుంది. "నేనే. ఆయన సంవత్సరీకం నాడు. దేవుడి గంట అన్నిటికంటే అడుగున ఉంటే మనసొప్పలేదు. ఆయన చేస్తాంటే సూసిందే గదా అని పైకి జరిపినా."

ఆమెది తప్పని ఎవరంటారు? దేవుడి తర్వాతే ఏదైనా అని పుట్టినప్పటి నుంచీ విన్న మనిషి.

ఏబెల్ ఫైలు చివర ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్న తెలుగును కూడబలుక్కుని చదివాడు. "అక్షరాలు కుదురుకున్నాకే గంట. ముందు పెడితే అన్నీ నిలిచిపోతాయి. వసంతకు చెప్పాల."

"ఆ ఇంగ్లీషంతా మిషనుకు రాసినాడనుకున్నా."

"ముందర గుర్తు పెట్టిన ఈ లైను మిషను చదవదక్కా. మనుషుల కోసమే రాసేది."

గంటను తిరిగి అడుగుకు జరిపి మళ్లీ వేశాడు. అక్షరాలొచ్చి కూర్చున్నాయి, గంట మూడుసార్లు మోగింది, ఎడిటర్‌లో ద్రౌపది పద్యం తెరుచుకుంది. వసంతమ్మకు ఏడుపాగలేదు. "నోరు తెరిచి ఒక్క మాట చెప్పుంటే నీ సొమ్మేం పోయేది సామీ," అని తెరనే తిట్టింది.

ప్రింటరు గరగరమంటూ కాగితాలు కక్కుతోంది. "ఫైల్లో ఆ చివరి లైనుతో ఇంక పనిలేదు, తుడిచేసేదా?" అనడిగాడు ఏబెల్.

"ముట్టుకోవద్దు," అంది వసంతమ్మ. "అది నాకు రాసింది."