కార్క్‌లో తప్పిపోయిన ఎల్డన్

యాత్రల ఓడ దిగి ఒక్కపూట చూడటానికొచ్చిన కార్క్ ఊళ్లో, మార్కెట్లోని చేపల దుకాణం దగ్గర పొగబెట్టిన చేప ముక్క నోట్లో వేసుకుని, "నువ్వూ కాస్త తిని చూడు" అంటూ నోర్మా పక్కకు తిరిగింది. పక్కన ఎల్డన్ లేడు. ఎవరో పెద్దాయన గొడుగు దులుపుకుంటున్నాడు.

ఇంకొకరి మొగుడైతే నాలుగు తిట్లు తిట్టుకుని, ఏ కాఫీ కొట్లోనో కూర్చుని ఎదురుచూడవచ్చు. ఎల్డన్ సంగతి వేరు. ముందు తాళంచెవులు మరిచిపోయాడు, తరువాత పక్కింటివాళ్ల పేర్లు, ఈ మధ్య తాను ఏ ఊళ్లో ఉన్నాడో కూడా. ఈ మాట నోర్మా ఓడలో ఎవరికీ చెప్పలేదు. చెబితే ఎక్కనివ్వరని భయం. ఇద్దరూ కలిసి తిరిగే ఆఖరి యాత్ర ఇదేనని ఆమెకు తెలుసు, అందుకే నోరు కుట్టేసుకుంది. సాయంత్రానికి రైలెక్కి, ఓడ ఆగివున్న కోవ్ రేవు చేరకపోతే ఓడ వీళ్లను వదిలేసి వెళ్లిపోతుంది. పోతే పోనీ, దాని దుంప తెగ. మనిషి ఏడీ?

మార్కెట్టంతా గాలించింది. మాంసం కొట్లు, రొట్టెల కొట్లు, మేడమెట్లు, ఏదీ వదల్లేదు. మగవాళ్ల మరుగుదొడ్డి గుమ్మంలో నిలబడి సిగ్గు విడిచి "ఎల్డన్!" అని కేక పెట్టింది. లోపలినుంచి ఎవరో "నేను కాదండీ" అన్నారు. బయట సన్నగా వాన. వంతెన దాకా పరుగెత్తి నదిలోకి తొంగిచూసింది, చూసినందుకు తనను తానే తిట్టుకుంది.

కార్క్ జనం మంచివాళ్లే. కానీ ఏదైనా అడిగితే, అడిగింది తప్ప మిగతావన్నీ చెబుతారు. నీలం కోటు వేసుకున్న మనిషిని చూశారా అంటే, "అమెరికానా మీది? మా చెల్లెలు బోస్టన్‌లోనే ఉంటుంది, ఎప్పుడైనా కనబడిందా?" అని అడిగాడొకాయన. నోర్మాకు అతని గొంతు పిసకాలనిపించింది.

చివరికి మళ్లీ చేపల దుకాణం దగ్గరికే వచ్చి, బల్ల పట్టుకుని ఏడ్చేసింది. దుకాణం బ్రీడాది. పెద్ద గొంతు, ఎర్రటి చేతులు.

"ఏమైంది పిల్లా?" అంది బ్రీడా. నోర్మాకు డెబ్బై దగ్గరపడుతున్నా సరే, ఆ ఊళ్లో ఆడది అన్నాక పిల్లే.

"మా ఆయన కనబడటంలేదు. ఆయనకి... ఆయనకి ఏదీ గుర్తుండదు." బయటివాళ్లతో ఆ మాట అనడం ఆమెకు అదే మొదలు.

"అయ్యో తల్లీ! పోలీసులకి చెప్పావా?"

"చెబితే ఓడవాళ్లకి తెలిసిపోతుంది."

"ఓడ మొహం! మొగుడు ముఖ్యమా, ఓడ ముఖ్యమా? ఫోను నేను చేస్తాగానీ, ముందు ఇది చెప్పు. ఓడలో ఆయన పొద్దస్తమానం ఏం చేస్తుంటాడు?"

"ఏముంది, లైన్లో నించుంటాడు. టిఫినుకి లైను, భోజనానికి లైను, దిగాలంటే లైను. ఎక్కడ లైను కనబడ్డా వెళ్లి చివర్న చేరిపోతాడు. ముందువాడి వీపు చూసుకుంటూ నడుస్తాడు. నాకూ అదే ధైర్యంగా ఉండేది."

బ్రీడా చేతిలో కత్తి ఆగింది. "ఇవాళ ఊరు మొత్తమ్మీద పేద్ద లైను ఒక్కటే ఉంది. మా డెనిస్ క్రౌలీ పోయాడు. వెనకవీధిలోనే ఆఖరిచూపుకి పెట్టారు. పద."

లైను నిజంగానే వీధి మలుపు దాటింది. డెనిస్ బతికినన్నాళ్లూ ఊళ్లో సగంమంది పిల్లలకు కర్రతో బంతి కొట్టే హర్లింగ్ ఆట నేర్పినవాడు, వాళ్లందరూ ఇప్పుడు కోట్లు తొడుక్కుని తడుస్తున్నారు. నోర్మా ముందుకు తోసుకుపోబోతే బ్రీడా రెక్క పట్టుకుని ఆపింది.

"వద్దమ్మా. చావు దగ్గర లైను తోసుకుపోయానంటే రేపట్నించీ నా దగ్గర చేప కొనేవాడుండడు."

నిలబడ్డారు. నోర్మా మునివేళ్ల మీద లేచి చూస్తోంది, దిగుతోంది, మళ్లీ లేస్తోంది. అక్కడ లేకపోతే? ఏ బస్సు లైన్లోనో చేరి ఊరు దాటిపోయుంటే? ఆ సమయానికి లోపలినుంచి బయటికొస్తున్న ఇద్దరు బ్రీడాను చూసి ఆగారు.

"ఐలీన్ పక్కన అమెరికా చుట్టం కూర్చున్నాడు, చూద్దువుగాని. నీలం కోటు. డెనిస్ కోసం సముద్రం దాటొచ్చాడట పాపం."

"ముక్కు చూస్తే తెలియట్లా? అచ్చం డెనిస్ ముక్కే."

నోర్మాకు ప్రాణం లేచొచ్చింది. ఆ ముక్కు ఎవరిదో ఆమెకు తెలుసు.

అక్కడ చావుకొచ్చినవాణ్ణి నువ్వెవరని అడగరు. అడగడం మర్యాద కాదు. వచ్చినవాడు చెయ్యి కలిపి ఒక్కటే మాట అనాలి, అంతకుమించి తెలివి చూపించకూడదు. శవపేటిక పక్కన కుర్చీల్లో డెనిస్ మనుషులు వరసగా కూర్చున్నారు. మొదటి కుర్చీలో అతని భార్య ఐలీన్. ఒక్కొక్కరే వంగి, "మీకు పెద్ద కష్టమొచ్చిందమ్మా" అంటున్నారు. "వచ్చారు, అదే పదివేలు" అంటోంది ఆమె. ఆమె పక్కనే ఎల్డన్. లైను చివర ఖాళీ కుర్చీ కనబడి కూర్చున్నట్టున్నాడు. చేతిలో టీ కప్పు, ఒళ్లో శాండ్‌విచ్. తన దగ్గరికి వచ్చిన చేయినల్లా శ్రద్ధగా అందుకుని, విన్న మాటనే తిరిగి చెబుతున్నాడు.

నోర్మా వంతు వచ్చింది. ఐలీన్‌కు ఏం చెప్పిందో ఆమెకే తెలియదు. రెండడుగులు వేసి ఎల్డన్ ముందు నిలబడింది. "ఎల్డన్" అంది మెల్లగా.

అతను కప్పు కింద పెట్టి లేచాడు. ఆమె చేతిని రెండు చేతుల్లోకీ తీసుకున్నాడు. ముఖంలోకి చూశాడు. ఏడ్చి ఉబ్బిన ఆ కళ్లు ఎవరివో అతనికి తెలియలేదు. కానీ జాలి కలిగింది, నిజమైన జాలి.

"మీకు పెద్ద కష్టమొచ్చిందమ్మా" అన్నాడు.

ఇన్నాళ్లుగా ఆ మాట ఆమెతో ఎవరూ అనలేదు. నోర్మా వెక్కి వెక్కి ఏడ్చింది. చావింట్లో ఏడిస్తే ఎవరూ వింతగా చూడరు. వెనక లైను ఓపిగ్గా ఆగింది.

"వచ్చారు, అదే పదివేలు" అంది నోర్మా, అతని చెయ్యి వదలకుండా.