గిన్నె బరువు

కూర్చుంటే చాలు, డాక్టరమ్మ కుడికాలు దానంతటదే ఊగడం మొదలుపెడుతుంది. పెళ్లయిన మూడో రోజే అది కనిపెట్టి, మొగుడు ఆమెకు కుట్టుమిషనని పేరు పెట్టాడు. ఆ పొద్దున మిషను మరీ జోరు మీదుంది. పోస్టుమార్టాల్లో ఆమె చేస్తున్న ఏడాది ఫెలోషిప్‌లో ఇది పదో నెల. పది గంటలకు, మొట్టమొదటిసారి, చనిపోయిన మనిషి భార్య ఎదుట కూర్చుని ఆయన ఎందుకు పోయాడో తనే చెప్పబోతోంది.

మొగుడేమో పెళ్లయి నలభై రోజులైందని కేకు మొదలుపెట్టాడు. నలభైకి కేకేమిటంటే, యాభై దాకా ఆగలేనన్నాడు. ముక్కు చివర అంటిన పిండి సంగతి అతనికి తెలియదు. తెలిస్తే తుడిచేస్తాడని ఆమె చెప్పలేదు. కొత్త తూకం మీద గిన్నె పెట్టి, బొత్తాం నొక్కి, సున్నా వచ్చాక పిండి పోశాడు.

“చూశావా, అక్కడ గిన్నె ఉందనే దీనికి తెలీదు.”

ఆమె నవ్వబోయి సగంలో ఆగిపోయింది.

పోయినాయన బస్సు డ్రైవరు. నలభై రెండేళ్లు. డ్యూటీ దిగొచ్చి సోఫాలో నడుం వాల్చాడు, మళ్లీ లేవలేదు. మూడు రోజుల కిందట ఆమే పోస్టుమార్టం చేసింది. అవయవాలన్నీ తూకం పళ్లెంలోనే తూచింది. గుండెను మాత్రం తనకు పని నేర్పే పెద్ద డాక్టరమ్మకు చూపించాలని స్టీలు గిన్నెలో పెట్టి, ఆ గిన్నెతోనే తూచింది. నాలుగు వందల నలభై ఆరు గ్రాములు. మామూలు గుండె కన్నా బాగా పెద్దది. మరి బొత్తాం నొక్కిందా? ఎంత తవ్వుకున్నా గుర్తు రాలేదు.

అంతటితో అయిపోలేదు. ఆ సాయంత్రం ఆయన భార్య ఫోన్ చేస్తే, రిపోర్టు వచ్చేదాకా ఆగమనాల్సింది పోయి, ఆత్రం ఆపుకోలేక, గుండె పెద్దదైందని, కుటుంబంలో వచ్చే జబ్బు కావొచ్చని, కూతురికీ చూపించమని చెప్పేసింది.

తడి జుట్టుతోనే బయల్దేరింది. బస్సు సగం ఖాళీ అయినా నాలుగు స్టాపులూ నిలబడే వెళ్లింది.

మార్చురీలో అందరూ బాబాయ్ అని పిలిచే పెద్ద టెక్నీషియన్, తాళం తెస్తాను కూర్చోమన్నాడు. కూర్చోలేక టేబుల్ చుట్టూ తిరిగింది. ఖాళీ గిన్నె తూకంలో తొంభై ఆరు గ్రాములు. మందులో నానుతున్న గుండెను తీసి, ఈసారి సున్నా చేసి, ఇద్దరూ చూస్తుండగా తూచారు. మూడు వందల యాభై. ఆయన ఒళ్లూ పొడుగూ చూస్తే ఉండాల్సినంతే.

“మీ పెద్ద డాక్టరమ్మ కూడా ఒకసారి ఇదే చేసింది, నువ్వు బళ్లో చేరకముందు,” అన్నాడు బాబాయ్ గొంతు తగ్గించి. “నేను చెప్పానని అనకు తల్లీ.”

పెద్ద డాక్టరమ్మ అప్పుడే రిపోర్టు ముందు పెట్టుకుని పెన్ను మూత తీస్తోంది. ఆమె చెప్పిందంతా విన్నది. అరవలేదు, అందుకే ఇంకా భయమేసింది. స్కేలు పెట్టి పాత అంకెను కొట్టేయించి, కొత్తది రాయించి, పక్కన సంతకం పెట్టించింది. కారణం అన్న గడిలో, పరీక్షలు వచ్చేదాకా తెలియదని రాయించింది.

“కాగితం మీద కొట్టేశావు. ఫోన్లో చెప్పింది ఎవరు కొట్టేస్తారు?”

“నేనే మేడమ్.”

పది గంటలకు ఆయన భార్య వచ్చి, సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. డాక్టరమ్మ డొంకతిరుగుడుగా మాట్లాడలేదు. గిన్నె సంగతితో సహా అంతా చెప్పింది. తప్పు తనదేనని చెప్పింది. గుండె పెద్దది కాదని, ఆయన ఎందుకు పోయాడో ఇంకా తెలియదని చెప్పింది.

ఆవిడ తూకం అంకెల కాగితాన్ని దగ్గరికి లాక్కుని, కొట్టేసిన అంకె మీద వేలు పెట్టింది.

“మా అమ్మాయి ఈత పోటీల్లో ఉంది. మీ మాట విని మూడు రోజుల్నించి మాన్పించాను. ఏడుస్తోంది. ఇక పంపొచ్చా మరి?”

పంపండి అనాలని నాలుక చివరిదాకా వచ్చింది. ఆ ఒక్క మాటతో ఈ గదిలో గాలి ఆడుతుంది. కానీ పైకి బాగానే కనిపించే గుండె కూడా ఉన్నట్టుండి ఆగిపోవచ్చు. అది తేలలేదు.

“ఇప్పుడే వద్దమ్మా. గుండె డాక్టరుకి ఉత్తరం రాసిస్తాను, ఈ వారమే చూపించండి. మా పరీక్షలకి మూడు వారాలు పడుతుంది. రాగానే నేనే ఫోన్ చేస్తా. ఈసారి ముందే తొందరపడను.”

“మూడు వారాలా,” అంది ఆవిడ.

ఉత్తరం రాస్తుంటే టేబుల్ అదురుతోంది, అక్షరాలు వంకర పోతున్నాయి. డాక్టరమ్మ తన మోకాలిని ఎడమచేత్తో గట్టిగా అదిమి పట్టింది. కాలు ఆగింది. టేబుల్ ఇంకా అదురుతూనే ఉంది, ఆవిడ కూర్చున్న వైపు నుంచి.