గీత పడని తలుపు

పాతికేళ్లుగా కార్ల కంపెనీలో మట్టి నమూనాలు చెక్కుతున్న మేస్త్రికి, ఆ తెల్లకారును చూసినప్పుడల్లా మనసు కీడు శంకించేది. దాని బొమ్మ గీసింది సొంత అక్క కొడుకే. అమ్మకానికి కాదు, రోడ్డెక్కడానికీ కాదు. ప్రదర్శనలో జనం నోరెళ్లబెట్టి చూడడానికి కట్టిన ఒకే ఒక్క బండి. ఇంజను లేదు. పైకప్పంతా అద్దంలా మెరిసే ప్లాస్టిక్ బుడగ. తలుపు మూస్తే గీతైనా కనబడదు. బయటినుంచి రిమోట్ నొక్కితేనే తెరుచుకుంటుంది.

"లోపల గడియ ఏదిరా?" అని అడిగాడు మేస్త్రి.

"గడియ పెడితే అందం పోతుంది మావయ్యా. ఇది కూర్చోడానికి కాదు, చూడడానికి."

"చూసినవాడు కూర్చోకుండా ఉంటాడా?"

మేనల్లుడు నవ్వేశాడు. పోనీలే అని మేస్త్రి ఊరుకున్నాడు. ఆ ఊరుకోవడమే తర్వాత అతన్ని తినేసింది.

ఫొటోల రోజున కారును మిట్టమధ్యాహ్నం ఆరుబయట నిలబెట్టారు. నీడలో ఒంపులు తేలవన్నాడు ఫొటోగ్రాఫరు. "గీసినవాడే లోపల కూర్చుంటే బాగుంటుంది," అన్నాడు యజమాని, రిమోట్ చేత్తో పట్టుకుని. మేనల్లుడు ఉబ్బితబ్బిబ్బై కూర్చున్నాడు. తలుపు మూసుకుంది. కాసేపటికి అతను చెయ్యి ఊపాడు. అందరూ చప్పట్లు కొట్టారు. మళ్లీ ఊపాడు. మళ్లీ చప్పట్లు.

మేస్త్రి చేతులు మాత్రం కదల్లేదు. సరదాగా చెయ్యి ఊపేవాడి మొహం అలా ఉండదు. బుడగ లోపల చెమ్మ పడుతోంది.

"తలుపు తియ్యండి!" అని అరిచాడు.

యజమాని రిమోట్ నొక్కాడు. తలుపు ఉలకలేదు, పలకలేదు. పనివాడొకడు సుత్తి తెచ్చి బుడగ మీద బాదితే, సుత్తే ఎగిరి వెనక్కొచ్చింది. లోపల చెయ్యి ఊపడం ఆగిపోయింది.

మేస్త్రి పరుగున వెళ్లి కోత మిషను పట్టుకొచ్చాడు.

"ఆగవయ్యా! రేపే ప్రదర్శన! మెకానిక్కు వస్తున్నాడు, ఐదు నిమిషాలు!" అంటూ యజమాని అడ్డం వచ్చాడు.

"లోపలున్నది మా అక్క కొడుకు. తప్పుకోండి."

ఆరు నెలలు తనే అరచేత్తో నిమిరి నిమిరి తేల్చిన ఒంపు అది. సరిగ్గా దాని నడుమ బ్లేడు దించాడు. తెల్లటి పొడి కళ్లలో పడుతున్నా ఆపలేదు. కంతలోంచి వచ్చిన వేడిగాలి పొయ్యి సెగలా మొహాన కొట్టింది. మేనల్లుణ్ణి చంకల కింద పట్టి బయటికి లాగాడు. ఒళ్లు పెనంలా కాలుతోంది. పెదాలు కదిలాయి గాని మాట రాలేదు.

బతికాడు. మూడో రోజుకి ఆసుపత్రిలో మనుషుల్ని గుర్తుపట్టాడు.

"నువ్వు లేకపోతే ఏమైపోయేవాడురా వీడు!" అని అక్క తమ్ముడి చెయ్యి పట్టుకుని ఏడ్చింది. లోపల గడియ లేదని తనకి ముందే తెలుసని చెప్పడానికి మేస్త్రికి నోరు రాలేదు.

ఆ సాయంత్రం యజమాని పండ్లు పట్టుకుని వచ్చాడు. కంతకి అతుకు వేసి కారును ప్రదర్శనకి పంపించారట. జనం విరగబడుతున్నారట.

"ఇంకో పది చేయిద్దాం మేస్త్రీ. ఈసారి జనాన్నే కూర్చోబెడదాం."

మేస్త్రి లేచి, తిన్నగా షెడ్డుకి నడిచాడు. ఆ కారును పోతపోసిన అచ్చును ముక్కలు చేసేస్తే ఇంకో బండి పుట్టదని సమ్మెట అందుకున్నాడు. అచ్చు ఉండే చోట నేల బోసిగా ఉంది.

"పొద్దున్నే లారీ ఎక్కించేశారు," అన్నాడు కాపలావాడు. "ఎక్కడికో మాకు చెప్పలేదు."