మోచేతి కొలత

నా విజిటింగ్ కార్డు మీద ‘ఇంటీరియర్ డిజైనర్’ అని ఉంటుంది. దాన్ని అచ్చు వేయించి పదహారేళ్ళయింది. ప్లైవుడ్ షాపులో నన్ను ఇప్పటికీ మేస్త్రీ అనే పిలుస్తారు. మొదట్లో సరిదిద్దేవాణ్ణి. షాపు యజమాని “అలాగే డిజైనర్ గారూ” అని, లోపలికి తిరిగి, మేస్త్రీ గారికి రెండు షీట్లు తియ్యమని కేకేసేవాడు. తర్వాత సరిదిద్దడం మానేశాను.

మా ఊరి బళ్ళో ఏడో తరగతి దాకా చదివాను. మిగతా చదువంతా వడ్రంగం నేర్పిన గురువు దగ్గరే. మాటిమాటికీ టేపు తీసేవాడు పనివాడే కాదని ఆయన అభిప్రాయం. వంటగట్టు ఎంత ఎత్తుండాలని అడిగితే నా నడుం మీద చెయ్యి పెట్టి ఇక్కడికి అనేవాడు. అది నాకు వేదమైంది. నేను ఆరడుగుల మనిషిని.

నాకు పేరొచ్చింది మా ఇంటి వంటగదితోనే. నల్లటి గ్రానైట్ గట్టు, కింద చప్పుడు చెయ్యకుండా మూసుకునే సొరుగులు. దాని ఫొటో ఒక పత్రికలో పడింది. పని అడగడానికి వచ్చినవాళ్ళను ముందు మా ఇంటికి తీసుకెళ్ళి, గట్టును అరచేత్తో చరిచి చూపించేవాణ్ణి. ఆ సమయానికి మా ఆవిడ భోజనాల బల్ల దగ్గర కూర్చుని కూరగాయలు తరుగుతూ ఉండేది. ఇంత గట్టు కట్టిస్తే ఈవిడ బల్ల వదలదు చూడండి అనేవాణ్ణి. వాళ్ళు నవ్వేవారు. ఆవిడా నవ్వేది. గిన్నెలు కడిగి వచ్చిందంటే జాకెట్టు చేతులు మోచేతుల దాకా తడిసి ఉండేవి. దాని మీదా ఒక హాస్యం ఉండేది నా దగ్గర, వంటగదిలో స్నానం చేస్తుందని.

ఆవిడ పోయి రెండేళ్ళు. అప్పటినుంచి వంట నాదే. ఆ గట్టు ముందు ఎంతసేపు నిలబడినా నడుం నొప్పి అనేది లేదు. ఏం కట్టానురా అని రోజూ నన్ను నేనే మెచ్చుకునేవాణ్ణి. మెచ్చుకోవడానికి ఇంట్లో ఇంకెవరూ లేరు.

ఈ మధ్య మా అమ్మాయి ఫ్లాటు కొనుక్కుంది. అడక్కుండానే అన్ని గదులకూ బొమ్మలు గీసేశాను. తీరా చూస్తే పని కొలతలమ్మకు ఇచ్చానని ఫోన్లో చెప్పింది. కొలతలమ్మ నా దగ్గర నాలుగేళ్ళు పనిచేసిన పిల్ల. ఆ పేరు నేను పెట్టిందే. డిజైనరుకు కన్నుండాలి గాని టేపు కాదని చెప్పి పంపించేశాను. ఇప్పుడు ఆమె ఆఫీసులో నలుగురు పనిచేస్తున్నారు. నా ఆఫీసులో నేనూ, ఒక ఫ్యానూ.

సొంత కూతురి ఇల్లే నా చేతికి రాకపోతే ఇక నా పనిని నమ్మేవాడెవడు? ఆ కార్డులు చింపుకోవడమే. మర్నాడు పొద్దున్నే బొమ్మల చుట్ట చంకలో పెట్టుకుని వెళ్ళాను. ఎవరూ పిలవలేదు.

ఖాళీ వంటగదిలో అమ్మాయి చెయ్యి మడిచి నిలబడి ఉంది. కొలతలమ్మ నేల మీద మోకాళ్ళానించి ఆమె మోచేతి దాకా టేపు పట్టి చూస్తోంది. నాకు నవ్వాగలేదు. గట్టు కడుతున్నావా, చొక్కా కుడుతున్నావా అని అడిగాను.

ఆ పిల్ల లేచి నమస్కారం పెట్టింది. కోపం తెచ్చుకోలేదు. “మోచేతికి కాస్త కిందుగా ఉండాలి సార్ గట్టు. ఎత్తైతే భుజాలు పైకెత్తి తరగాలి. సింకులో చేతులు పైకెత్తి కడిగితే నీళ్ళు మోచేతికి కారతాయి” అంది.

అమ్మాయి నా వైపు చూసింది. ఆ చూపు వాళ్ళమ్మది.

“అమ్మ జాకెట్టు ఎప్పుడైనా పొడిగా ఉండగా చూశావా నాన్నా?”

నేను బొమ్మల చుట్టను ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చాను.

“అమ్మ నీతో చెప్పింది, గట్టు ఎత్తయిందండీ అని. నేను అక్కడే కూర్చుని హోంవర్కు చేసుకుంటున్నా. నువ్వు చూడను కూడా చూడలేదు. ఇది స్టాండర్డ్ అన్నావు.”

నాకు గుర్తు లేదు. కానీ మాట నాదే. మా ఇంట్లో ఆ మాట వాడేవాణ్ణి నేనొక్కణ్ణే.

“అమ్మ ఎంత ఎత్తుండేదో తెలుసా నీకు?”

నేను బిగించిన తలుపులన్నిటి ఎత్తూ అంగుళాలతో సహా చెప్పగలను. అది చెప్పలేకపోయాను. నా భుజం దాకా ఉండేదని చెయ్యి పెట్టి చూపించబోయాను. ఆ చెయ్యి ఎక్కడ ఆపాలో తెలియలేదు. కొలతలమ్మ కిటికీ వైపు తిరిగి, అప్పటికే కొలిచేసిన కిటికీని మళ్ళీ కొలవడం మొదలుపెట్టింది.

ఆవిడ భుజాలకు మందు రాసుకునేది. ఆ వాసనకు నేను వేరే గదిలో పడుకునేవాణ్ణి. పన్నెండేళ్ళు ఊరందరినీ నవ్వించిన హాస్యం అసలు ఎవరి మీదో ఆ గదిలో నాకు అర్థమైంది. ఆవిడకు మొదటినుంచీ తెలుసు. అయినా నవ్వేది.

పోదామనే అనుకున్నాను. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాను.

“నాకు ఏదైనా ఒక పని ఇవ్వమ్మా” అన్నాను. అడగడం అలవాటు లేదు కాబట్టి గద్దించినట్టు వచ్చింది.

అమ్మాయి ఇల్లంతా ఒకసారి చూసింది. వంటగది కొలతలమ్మదేనంది. పడగ్గది కూడా. చివరికి వీధి తలుపు పక్కన మూరెడు జాగా చూపించి, అక్కడ చెప్పుల స్టాండు కావాలంది. “అదీ స్టాండర్డ్‌గా చెయ్యకు.”

పత్రికకెక్కిన డిజైనర్ని. చెప్పుల స్టాండు దక్కింది. బొమ్మల చుట్ట గోడకు ఆనించి జేబులోంచి పెన్సిలు తీశాను. టేపు తెచ్చుకోలేదు. కొలతలమ్మను అడిగాను. ఇచ్చింది.

“చెప్పులు కూర్చుని వేసుకుంటావా, నిలబడా?” అని అమ్మాయిని అడిగాను.

“నిలబడే. గోడకు చెయ్యి ఆనించి.”

“ఏ చెయ్యి?”

ఎడమ చెయ్యి ఆనించి, ఒంటికాలి మీద నిలబడి చూపించింది. అరచెయ్యి పడిన చోట గీత గీశాను. కొలతలమ్మ వెనక నుంచి చూసి, గీత కొంచెం వంకరగా ఉంది సార్ అంది. చెరిపి మళ్ళీ గీశాను.