నీలం లేని గోడ

గుడివాడలో కొత్తగా కట్టిన కళాభవనం ముందు హాలుకు ఒక పెద్ద చిత్రం కావాలని దాని కార్యదర్శి శేషగిరిరావు గారు బందరులో మా ఇంటికి వచ్చారు. నేను నైరూప్య చిత్రాలు వేస్తానని ఆయనకు తెలుసు. నైరూప్యమంటే ఏమిటో మాత్రం తెలియదు.

"అర్థం కాకపోయినా ఫరవాలేదండీ, నీలంగా ఉంటే చాలు. నీలం కర్టెన్లు కుట్టించేశాం" అన్నారు.

కర్టెన్లకు జోడీగా చిత్రం వేయమనడం అవమానం. అయినా ఒప్పుకున్నాను. నా చిత్రాలను హైదరాబాదు గోడల మీద చూసినవారున్నారు. నా జిల్లాలో, పదిమంది నడిచే చోట, నాకొక గోడ దొరకడం ఇదే మొదలు. అరవై దాటిన మనిషి కోసం గోడలు కాచుకుని కూర్చోవు.

నీలం నాకు కొత్త కూడా కాదు. ఊళ్లో నన్ను నీలం అనసూయ గారంటారు. నా పద్ధతి స్థిరమైనది: ముందు కాగితం మీద బొగ్గుతో ఆకారాలు గీసి, వాటి బరువులు సరిచూసుకుని, చిట్టచివర రంగును పిలుస్తాను. అది వచ్చి చెప్పిన చోట కూర్చుంటుంది.

ఉత్త నూలుగుడ్డను నేల మీద పరిచి, తడిపి, పల్చటి రంగు పోసి ఇంకనిస్తాను. గుడ్డ పెడన నుంచి వస్తుంది. అక్కడ కలంకారీ అద్దకం చేయించే షాహిదా ఒకప్పుడు కాలేజీలో నా విద్యార్థిని. ఈసారి ఆమె పంపిన గుడ్డ కాస్త పసుపు తిరిగి ఉంది, పాలవాసన వేసింది. కొత్త గంజి అనుకున్నాను.

పెరట్లో పరిచాను. కుళాయి రాలేదు. పక్కనే తుప్పు పట్టిన ఇనప గమేళాలో నీళ్లు కనిపిస్తే ముంచి చల్లాను.

నీళ్లు పడిన చోటల్లా గుడ్డ నల్లబడింది. అంచుల్లో బూడిద, నడుమ కాటుక. నేను చూస్తుండగానే ఆ నలుపు నెమ్మదిగా పక్కకు పాకింది.

"దుర్గా, ఇవేం నీళ్లు?"

మా ఇంట్లో పనిచేసే దుర్గ ఊడ్చడం ఆపలేదు. "నిన్న ఇత్తడి బిందెలు చింతపండేసి తోమాను కదండీ, ఆ నీళ్లు. పారబోద్దామనుకునేలోపు మీరు బొమ్మకెత్తుకున్నారు."

"చెప్పవద్దా?"

"బొమ్మేసేటప్పుడు మాట్లాడితే తిడతారుగా."

ఆ నిబంధన నాదే కనుక దుర్గను వదిలేసి షాహిదాకు ఫోన్ చేశాను. సంగతి విని, నవ్వుకోవడానికి ఫోన్ దూరంగా పెట్టింది. ఆ నవ్వు నాకు స్పష్టంగానే వినిపించింది.

"మేడం, మా యాకూబ్ మావయ్య కట్టలు మార్చేశాడండీ. అది కరక్కాయా, గేదెపాలూ పట్టించి అద్దకానికి ఎండబెట్టుకున్న గుడ్డ. తుప్పు నీళ్లు తగిలితే నలుపే. మేం బెల్లమూ ఇనపముక్కలూ కుండలో ఊరబెట్టి తెచ్చుకునే నలుపు మీరు అంట్ల నీళ్లతో తెచ్చేశారు."

"ఇది నవ్వే విషయం కాదు."

"కాదండీ. మీ గుడ్డ మీద మావయ్య పొద్దున్నుంచీ అద్దుతున్నాడు, ఒక్క పువ్వూ నల్లబడట్లేదు. కుండని తిడుతున్నాడు. మీది పంపించండి, మార్చేస్తాం."

మడత పెట్టడానికే వంగాను. గిన్నెలో నీలం కలిపి సిద్ధంగా ఉంది. నలుపు నా బొగ్గు గీతల్లోని ఏ ఆకారాన్నీ ఖాతరు చేయకుండా వెళ్లి, ఒక మూల మాత్రం ఎందుకో ఆగింది. అక్కడ మిగిలిన పసుపు, తలుపు సందులోంచి పడ్డ ఎండలా ఉంది. అంత వెలుతురు నా నీలాల్లో ఏనాడూ లేదు. దాని మీద నీలం పోయడానికి నాకు చేతులు రాలేదు.

బొగ్గు గీతల కాగితాన్ని ఊగే స్టూలు కాలికింద పెట్టాను. ఆ తరవాత నలుపు ఎక్కడ ఆగితే అక్కడి నుంచే మళ్లీ చల్లడం మొదలుపెట్టాను. ఇన్నేళ్లూ రంగు నా మాట విన్నది. ఆ వారం నేను దాని మాట విన్నాను, మోకాళ్ల మీద పాకుతూ.

"ఇంకో గమేళా నీళ్లు కావాలి, దుర్గా."

"బిందెలన్నీ అయిపోయాయండీ."

"దీపపు కుందులున్నాయిగా."

"కుందులు ఇంత మెరవడం ఈ ఇంట్లో ఎప్పుడూ చూళ్లేదు" అంటూ తోమింది.

శేషగిరిరావు గారు వ్యానుతో సహా వచ్చారు. చిత్రం చూసి, నన్ను చూసి, మళ్లీ చిత్రం చూశారు.

"నీలం ఏదండీ?"

"లేదు."

"ఓ మూల కాస్త…"

"మీ కర్టెన్లలో ఉందిగా."

"కమిటీవాళ్లు గోడ ఇంకొకరికి ఇచ్చేస్తారేమోనండీ."

"ఇవ్వనివ్వండి" అన్నాను.  నా జిల్లాలో నాకు దొరికిన ఒకే ఒక్క గోడ అది.

ఆయన చెప్పులు విడిచి, గుడ్డ చుట్టూ నడిచి, పసుపు మూల దగ్గర నిలబడిపోయారు.

"మాది ముదినేపల్లి పక్కనండీ. కోసిన వరి పనలు చేలో ఉండగా తుపాను మబ్బు పట్టిందంటే అచ్చం ఇట్టాగే ఉంటుంది. ఆ కాస్త వెలుతురు ఉండగానే వాటి మీద టార్పాలిన్ బరకాలు కప్పమని మా నాన్న కేకలేసేవాడు."

"అది మబ్బు కాదు. దేని బొమ్మా కాదు."

"సరేనండీ." ఆయన చూపు మాత్రం తిప్పలేదు. "కర్టెన్లు మార్పించేస్తాను. కమిటీకి నేను చెప్పుకుంటాను."

చిత్రాన్ని చుట్టి వ్యానులోకి ఎక్కించారు. ఆయన డ్రైవరుకేసి తిరిగి, "బరకం కప్పు, తడవకూడదు" అన్నారు. ఆకాశంలో మబ్బు తునక లేదు; రోడ్డు మీద ఎండ కళ్లు చెదిరేలా కాస్తోంది.

"మబ్బు కాదని చెప్పాను కదండీ."

"కాదండీ" అన్నారు ఆయన, తాడు ముడి బిగిస్తూ. "అయినా ఎందుకైనా మంచిది."