ముసుగు లారీకి అడ్డం వచ్చిన మనిషి

మా ఆయనకు కళ్లజోళ్ల షాపు ఉంది. ఊళ్లో సగం మంది చూపు ఆయన చలవే. షాపు తెరవకముందూ మూశాకా మాత్రం ఆయన చేసే పని వేరు. కొత్త లారీలను వేటాడుతుంటారు.

ఊరి బయట ఒక ఫ్యాక్టరీ మిలటరీ వాళ్లకు లారీలు తయారుచేస్తుంది. రోడ్డు లేకపోయినా రాళ్లూ గుట్టలూ ఎక్కిపోయే రకం. కొత్త మోడల్ తయారైతే దాన్ని ముందుగా మామూలు రోడ్ల మీద, మామూలు బండ్ల మధ్య నెలల తరబడి తిప్పి చూస్తారు. దాని రూపం ఎవరికీ తెలియకూడదని ఒళ్లంతా నలుపూ తెలుపూ మెలికల స్టిక్కర్లు అతికిస్తారు. చూసినవాడికి కళ్లు తిరుగుతాయే తప్ప హెడ్‌లైటు ఎక్కడుందో, ఇంజను ముందుండే జాలీ ఎక్కడుందో అంతుపట్టదు. ఇలాంటి బండ్ల కోసం పొదల్లో పొంచి ఉండి ఫోటోలు తీసే మహానుభావులకు ఒక గ్రూపు ఉంది. అందులో మా ఆయన్ని డేగకన్ను అంటారు. కళ్లెదురుగా ఉన్న ఉప్పు డబ్బా కనపడక ఇల్లంతా పీకి పందిరేసే మనిషికి ఆ పేరు పెట్టినవాడెవడో నాకింతవరకు దొరకలేదు.

అసలు సంగతేమిటంటే, ఆ స్టిక్కర్లు అతికించేది నేను.

నవ్వకండి. మొదట్లో నేను షాపుల బోర్డులకూ వ్యాన్లకూ అక్షరాలు అతికించేదాన్ని. రెండేళ్ల కిందట ఫ్యాక్టరీ మేనేజరు నా పనితనం చూసి పిలిచాడు. షరతు ఒక్కటే. ఈ సంగతి ఎవరికీ చెప్పకూడదు, ఇంట్లోవాళ్లకు కూడా. స్టిక్కరు ఊడి బండి మొహం ఫోటోల్లోకి ఎక్కిందంటే, ఆ పని నాకు అంతటితో సరి. ఈ పని లాగేసుకోవడానికి పెద్ద స్టిక్కర్ల కంపెనీవాళ్లు ఎప్పుడెప్పుడా అని కాచుకుని ఉన్నారు. ఈ పని చేతికొచ్చాకే నాకంటూ ఒక షెడ్డు వేసుకున్నాను. ఆ షెడ్డంటే నాకు ప్రాణం. అందులో అడుగుపెట్టాక నేను ఎవరి కోడలినీ కాను, ఎవరి పెళ్లాన్నీ కాను, అక్కడ నా మాటే చెల్లుతుంది.

అలా మా కొంపలో నేను కప్పడం, కప్పిన దాని లోపల ఏముందోనని ఆయన కొట్టుకుచావడం మొదలైంది. భోజనాల దగ్గర ఆయన, "ఆ స్టిక్కర్లు అతికించినవాడెవడో గానీ వాడి చేతులు పడిపోను! వెంట్రుకవాసి సందు వదల్లేదే!" అని పళ్లు నూరేవారు. నేను "అయ్యో పాపం" అని పైకి అంటూ లోలోపల ఉబ్బితబ్బిబ్బయ్యేదాన్ని. పెళ్లయ్యాక ఆయన నోటి నుంచి నాకు దక్కిన గొప్ప మెచ్చుకోలు అదే.

కొత్త బండి రోడ్డెక్కినప్పుడల్లా ఆయన్ని ఇంట్లో కట్టిపడేయడానికి నేను పడని పాట్లు లేవు. నీళ్ల మోటారు పాడైందన్నాను. నడుం పట్టేసిందన్నాను. అత్తయ్యకు తోడెవరూ లేరన్నాను. ఆవిడేమో "నాకు తోడేమిటే, నేనేమన్నా చంటిపిల్లనా?" అని ఆయన ముందే నా గాలి తీసేసింది.

ఆ ఆదివారం సన్నగా తుంపర. షాపులో సరుకు సర్దాలంటూ ఆయన పొద్దున్నే వెళ్లిపోయారు. కాసేపటికి నాకు ఫోను. లారీ నడిపే మీసాల డ్రైవరు.

"అమ్మా, కొంప మునిగింది! ముందువైపు స్టిక్కరు షీటు మొత్తం ఊడొచ్చేసింది. కొండ మలుపు దగ్గర పక్కకి ఆపాను. మీరు వెంటనే రావాలి."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. షెడ్డుకెళ్లి పసుపుపచ్చ రెయిన్‌కోటు తగిలించుకుని, దాని టోపీ తల మీదికి లాక్కుని, షీటు చుట్టా, వేడిగాలి మిషనూ స్కూటరు మీద వేసుకుని పరిగెత్తాను. వెళ్లి చూద్దును కదా, లారీ మొహం మొత్తం బట్టబయలై ఉంది. బకెట్టు బోర్లించి దాని మీదెక్కి తుడిచాను, ఆరబెట్టాను, అతికించాను. తుంపర ఆగదు, షీటు నిలవదు. పట్టువదలకుండా రెండు గంటలు కుస్తీ పట్టాను. డ్రైవరు మాత్రం మీసం దువ్వుకుంటూ, "చుట్టుపక్కల పురుగు కూడా లేదమ్మా, నేను చూస్తున్నాగా" అంటూ ధైర్యం చెప్పాడు. గండం గడిచిందనుకుంటూ ఇంటికొచ్చాను.

సాయంత్రం మా ఆయన దిగబడ్డారు. మెడ దాకా బురద, జుట్టులో ముళ్లు, మొహంలో వెలుగు.

"దొరికింది! అమ్మా, దొరికిందే! లారీ మొహం!"

ఆయన ఫోను టీవీకి కలిపారు. తెర నిండా లారీ. దాని ముందు సగం మేర కప్పేస్తూ పసుపు కోటులో ఒక వీపు.

"ఇదిగో, ఈ వెధవొకడు అడ్డం తగలడ్డాడు. ఎంతకీ కదిలి చావడే! పొదలో ముళ్ల మీద కూర్చుని తిట్టుకుంటూనే ఉన్నా, జరగరా బాబూ, జరగరా అని. అయినా ఈ పక్క హెడ్‌లైటు చాలు. మోటారు పత్రికవాళ్లు అట్ట మీద వేస్తామన్నారు. పంపేస్తున్నా."

ముందు నా షెడ్డు కళ్లముందు కదిలింది. ఆ వెంటనే, ఎందుకో మరి, అరికాలి మంట నెత్తికెక్కింది. వెధవా? ఒకడా?

"ఆగరా," అంది అత్తయ్య. "ఆ మనిషిని కాస్త పెద్దది చెయ్యి."

"మనిషిని ఎందుకమ్మా? హెడ్‌లైటు చూడు."

"లైట్లు చాలా చూశాను గానీ, మనిషిని చూపించు."

ఆయన విసుక్కుంటూ పెద్దది చేశారు. బొమ్మలోని మనిషి బకెట్టు మీద ఒంటికాలి మీద నిలబడి, రెండో పాదంతో పిక్క గోక్కుంటోంది. అత్తయ్య తెర వంక చూసింది, తల తిప్పి వంటింటి గడపలో ఉన్న నా కాళ్ల వంక చూసింది. అప్పుడు గానీ నేనూ చూసుకోలేదు. తేలు కుట్టిన దొంగలా గబుక్కున కాలు దించాను.

"ఒరేయ్, ఊరందరికీ జోళ్లు అంటగడతావు, నువ్వూ ఒకటి పెట్టుకోరా! అది నీ పెళ్లాం!"

ఆయన పగలబడి నవ్వారు. నవ్వుతూనే తెర చూశారు, నన్ను చూశారు, మళ్లీ తెర చూశారు. నవ్వు ఆగిపోయింది.

"అవునండీ, నేనే," అన్నాను. "పంపండి. మీ ఫోటో అట్ట మీదకెక్కుతుంది, నా షెడ్డుకు తాళం పడుతుంది. స్టిక్కర్లు అతికించేవాడి చేతులు పడిపోవాలని మీరే కదా కోరుకున్నది!"

కొంగుతో కళ్లు తుడుచుకున్నాను. ఏడుపు షెడ్డు గురించే కాదు. ఈ మనిషి రెండు గంటలు కళ్లు చించుకుని నా వంకే చూస్తూ కూర్చుని, నన్ను చూడలేదు. అది తట్టుకోలేకపోయాను.

ఆయన కుర్చీలో కూలబడ్డారు. "ఎప్పట్నుంచి?"

"మొదటి బండి నుంచి."

"వంతెన దగ్గర నేను వెంటపడింది?"

"అదీ నాదే."

"అంటే ఇన్నాళ్లూ నేను..."

"నా వెనకాలే తిరిగారు. పెళ్లికి ముందు కూడా ఇంత తిరగలేదు!"

అత్తయ్య చటుక్కున లేచి నవ్వు ఆపుకోవడానికి మంచినీళ్లు తాగింది. ఈలోగా ఆయన ఫోను మోగింది. పత్రికవాళ్లు. ఏదీ, ఎక్కడ, అచ్చుకు పోవాలి అని తొందర. ఆ ఫోటో ఆయనకెంతో నాకు తెలియనిది కాదు. ఆ అట్ట మీద తన పేరు చూసుకోవాలని ఆయన ఎండలో మాడారు, వానలో నానారు. మళ్లీ ఇలాంటి అదృష్టం దొరకదు. అయినా సరే, బతిమాలను గాక బతిమాలను.

ఆయన బొమ్మను ఇంకాస్త పెద్దది చేశారు. హెడ్‌లైటు కోసమనుకున్నాను. కాదు.

"తడి రోడ్డు. బకెట్టు మీద ఒంటికాలు," అన్నారు మెల్లగా. "జారిపడితే ఏమయ్యేదే?"

"పడలేదుగా."

"పడినా నేను లేచేవాణ్ణి కాదు. అడ్డం తొలగిందని ఫోటో తీసుకునేవాణ్ణి." ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. నేనెప్పుడూ చూడలేదు అలాగ.

తర్వాత వేలితో ఒక్కో అక్షరం నొక్కి, పంపేముందు నాకు చూపించారు. "క్షమించండి. పొరపాటు పడ్డాను. అందులో లారీ లేదు, మా ఆవిడ ఉంది."

ఆ మాట గ్రూపులోకి పాకి జన్మంతా నవ్వులపాలవుతారని ఆయనకు తెలుసు. అయినా పంపేశారు. పంపి, మా ముందే ఫోటో చెరిపేశారు.

"అయ్యో, అదెందుకు తీసేశావురా? పిల్ల ఎంత బాగా పడింది!" అంది అత్తయ్య.

"వెనకాల లారీ ఉందమ్మా," అన్నారు ఆయన.

నిజమే, లారీ ఉంది. కానీ నేను నా పని చేసుకుంటుండగా ఎవరైనా తీసిన ఫోటో అదొక్కటే. ఆ పాడు లారీ గనక అడ్డం లేకపోతే పటం కట్టించి షెడ్డులో పెట్టుకునేదాన్ని.