ఖాళీ జాగ

రాధిక టీవీ యూనిట్ గాజు పలకలు తుడవడం మొదలుపెడితే అది తెగే పని కాదు. ఇటు తుడిచి అటు తిరిగేలోగా వేళ్ళ ముద్రలు పడతాయి, అవి ముందుగా భర్త మహేందర్ కంట్లోనే పడతాయి. "కొత్త ఇల్లు గిట్లనేనా ఉంచుకునేది?" అంటాడు. ఉంచుకోవడమంటే తుడవడమని, తుడిచేది రాధికేనని ఆ ఇంట్లో ఎవరికీ వేరే చెప్పక్కర్లేదు. దసరాకు కోరుట్లలోని ఈ ఇంట్లోకి వచ్చారు. ఇల్లు ఆమెకు నచ్చలేదని కాదు. నీలం కర్టెన్ గుడ్డ తనే ఏరింది. సాయంత్రం ఫాల్స్ సీలింగులో లైట్లు వేస్తే చేతిలో పని ఆపి మరీ చూస్తుంది. కానీ ఇంత ఇంట్లో తను కూర్చునే చోటే లేదు.

పాత రేకుల ఇంట్లో గడప పక్కన గోడకు వీపు ఆనించి, చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చేసేది. పొద్దుటి ఎండ నేరుగా చేతుల మీద పడేది. తునికాకు ఈనె ఎటు పోయిందో వెలుగులోనే తెలుస్తుంది, అది చూడకుండా కోస్తే బీడీ వదులవుతుంది. కొత్త ఇంట్లో అలాంటి వెలుగు హాలు కిటికీ దగ్గరే ఉంది. వచ్చిన మర్నాడే అక్కడ చాటతో కూర్చుంటే మహేందర్ ముఖం మాడ్చుకున్నాడు. "తంబాకు వాసన సోఫాకు పడ్తది. ఎవలన్న అచ్చి చూస్తే ఏమనుకుంటరు? మెట్ల కింద కూసో." అత్త రాజమణి వంత పాడింది. "మేం గుడ్డి దీపం ముంగట చేసినం. మాకు కిటికీలు కావాల్నని అడిగినమా?" మెట్ల కింద చెప్పుల స్టాండు, మోటారు స్విచ్చు, తలెత్తితే తగిలే స్లాబు. కూర్చుని లేస్తే నడుము పట్టేస్తుంది. మొన్న కార్ఖానాలో బీడీలు చూసి తీసుకునే మొగిలయ్య ఆమె కట్టలు విప్పి చాలావరకు పక్కకు పడేశాడు. "ఏందమ్మా, చెయ్యి తప్పిందా?" అన్నాడు. తప్పింది చెయ్యి కాదు, వెలుగు. ఆ మాట ఎవరితో అనాలో తెలియక సంచి మడుచుకుని వచ్చేసింది. అప్పటినుంచి ఆమెకు ఏ గదిలోనూ కాలు నిలవడం లేదు.

ఆ ఆదివారం మహేందర్ స్నేహితుడు ప్రేమ్‌కుమార్ జగిత్యాల నుంచి ఇల్లు చూడటానికి వచ్చాడు. వదులైన అల్మారా తలుపు బిగించడానికి ఇంటీరియర్ పని చేసిన సోహైల్ కూడా వచ్చాడు. రాధిక వంటింట్లో చాయ్ పోస్తోంది.

"వదిన ఏమన్న జాబ్ చేస్తదారా?" ప్రేమ్‌కుమార్ అడుగుతున్నాడు.

"ఏం లేదురా. ఇంట్ల ఖాళీగనే ఉంటది."

చాయ్ సాసరులోకి ఒలికింది. కప్పు పట్టుకున్న వేళ్ళ సందుల్లో తంబాకు మరక ఇంకా పోలేదు. పొద్దుటినుంచి తుడిచినవి, వండినవి, కోసినవి అన్నీ ఆ ఒక్క మాటలో కొట్టుకుపోయాయి. ఆమెకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది.

హాల్లో సోహైల్ గొంతు వినిపించింది. "అన్నా, కిటికీకాడి మూలకు ఏం పెడదాం? చిన్న షెల్ఫ్ కొడుదునా?"

"ఏం వద్దు సోహైల్. ఖాళీ ఉంచు. జర ఖాళీ ఉంటేనే ఇంటికి ఊపిరాడుతదని నువ్వే అంటివి గదా."

రాధిక చాయ్ కప్పులు తెచ్చి టీపాయ్ మీద పెట్టింది. మెట్ల కిందికి వెళ్ళి చాట, కత్తెర, తడి గుడ్డలో చుట్టిన ఆకు తెచ్చుకుంది. కర్టెన్ బర్రున పక్కకు లాగి, ఆ మూలలో గోడకు వీపు ఆనించి కాళ్ళు చాపుకుంది. ఎండ వచ్చి చాటలో పడింది. ఎవరూ కప్పు ముట్టలేదు.

మహేందర్ దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "గిక్కడ కూసున్నవేందే? గిది ఖాళీ ఉంచే జాగ."

రాధిక ఒక ఆకు తీసి వెలుగుకు ఎత్తి పట్టింది. ఈనె చూసుకుని కత్తెర వేసింది.

"నేను ఖాళీగనే ఉంట గదా. గందుకే ఖాళీ జాగల కూసున్న," అంది. "ఇగ లేవ."